వేషమునకును ఒక పరువున్నది

వార్షికోత్సవము సమీపించినదన్నచో మన కళాశాలలో పుస్తకముల కంటె పూసలదండలు, రంగుడబ్బాలు ఎక్కువగా కనబడును. వక్తృత్వపు పోటీ, బైత్ బాజీ, ఏకపాత్రాభినయము, పాటల పోటీ ఇవన్నియు ఒక ఎత్తు; విచిత్ర వేషధారణ పోటీ ఒక్కటియు ఒక ఎత్తు. తక్కిన వానికి విద్యార్థులను పిలిచి కూర్చుండబెట్టవలెను. దీనికి మాత్రము కిటికీలు పట్టుకొని వ్రేలాడుచు చూచెదరు. అంతటి ఆదరణ గల ఈ అంశమును గురించి ఒక ప్రశ్నను విద్యార్థి సోదర సోదరీమణుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచదలచితిని. ఒక జాతిని, ఒక కులమును, ఒక తెగను మూటగట్టి వేషముగా తొడుగుకొని సభను నవ్వించుట తగునా? అది వినోదమా, అవమానమా?

ఈ ప్రశ్న నాలో పుట్టుటకు రెండు సంఘటనలు కారణము. రెండింటిని దాచక చెప్పెదను. ఏలయనగా మొదటిదానిలో నొప్పి మనది. రెండవదానిలో తప్పు మనది.

రెండు సంవత్సరముల క్రిందట వేరొక కళాశాలలో జరిగిన పోటీలకు మేము ఆరుగురము వెళ్లితిమి. అచ్చట ఒక విద్యార్థి గళ్ల లుంగీ కట్టి, దూదిగడ్డము అతికించుకొని, నెత్తిన టోపీ పెట్టి, చేతిలో అత్తరు సీసాతో వేదిక మీదికి వచ్చెను. "నీకి", "నాకి" అనుచు తెలుగును ముక్కలు చేయుచు అటు నలుగురు భార్యలను గూర్చి, ఇటు బిర్యానీని గూర్చి ఏవేవో పలికెను. ఆ పాత్రకు పేరు లేదు, ఊరు లేదు. ప్రకటించినవారు "సాయిబు" అని మాత్రమే చెప్పిరి. సభ గొల్లుమని నవ్వెను. బహుమతియు అతనికే వచ్చెను.

మా తాతగారు అమలాపురపు సంతలో నలుబది ఏండ్లు బట్టల వ్యాపారము చేసిరి. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. పోతన పద్యములు ఆయనకు కంఠస్థము. ఆయన నోట "నీకి" అను మాట నేనెన్నడును వినలేదు. వినియున్నను సిగ్గుపడవలసినది లేదు. రెండు భాషలు మోయువాని నాలుక ఒక్కొక్కమారు తడబడును, ఒక్కటే మోయువానికి ఆ కష్టము తెలియదు. తిరుగు ప్రయాణమున బస్సు గోదావరి వంతెన దాటువరకు మాలో ఎవ్వరును నోరు మెదపలేదు. దాటిన పిమ్మట అందరమును ఒక్కసారిగా మాటలాడితిమి. "మనల్ని చూస్తే వీళ్లకి ఇంతేనా?" అన్నదే ఆ మాటల సారాంశము.

ఇక రెండవ సంఘటన. గత సంవత్సరము మన కళాశాలలోనే, మన వేదిక మీదనే, ప్రథమ బహుమతి "కోయదొర" వేషమునకు వచ్చెను. ఒంటినిండ నల్లరంగు, తలకు ఈకలు, మెడలో పూసలు, నడుమునకు ఆకులు. అర్థము లేని కేకలు, మధ్యమధ్య సోది. వేషము వేసినవాడు నా ప్రాణస్నేహితుడు. చీమకైనను అపకారము తలపెట్టని వాడు. సభ నవ్వెను. నేనును నవ్వితిని, చప్పట్లు కొట్టితిని. నా ప్రక్క కూర్చున్న సహాధ్యాయి మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండెను. అతనిది చింతూరు వైపు మన్యము, కోయ కుటుంబము. బయటికి వచ్చిన తరువాత "ఏరా, అలా ఉన్నావేం?" అని అడిగితిని.

"ఏం లేదురా. మా నాన్న బడిపంతులు. మా తాత పోడు చేసి బతికాడు. మా ఇంట్లో సోది చెప్పినవాళ్లెవరూ లేరు. మావాళ్లు కొమ్ములు కట్టుకుని ఆడేది పండగలకీ, పెళ్లిళ్లకీ. అక్కడ చూసేవాళ్లు నవ్వరు" అనెను. కొంతసేపటికి మరల, "రేపటినుంచి హాస్టల్లో నన్నేమని పిలుస్తారో చూడు" అనెను.

అతడు చెప్పినట్లే జరిగెను. మరునాటి ఉదయము భోజనశాలలో పళ్లెము పట్టుకొని నిలుచున్నప్పుడు వెనుకనుండి ఎవరో "కోయదొరా, జరుగు" అనిరి. వేషము వేసిన నా స్నేహితుడు ఆ రాత్రియే సబ్బుతో రంగు కడిగికొనెను. వేషము వేయని ఈ మిత్రునికి మాత్రము ఆ రంగు సంవత్సరమంతయు అంటుకొని ఉండెను. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినవాడు పదునైదు దినములు ఆలస్యముగా తిరిగి వచ్చెను. కారణము నేనడుగలేదు, అడుగుటకు ముఖము చెల్లలేదు.

బస్సులో మేము పడిన ఆవేదనకును, అతని మౌనమునకును భేదమేమున్నది? ఒక్కటే భేదము. మేము ఆరుగురము, అతడు ఒక్కడు.

ఇట్టి మాటలు పలుకగనే వెంటనే వచ్చు సమాధానములు కొన్ని ఉన్నవి. "మా మనసులో చెడు లేదు కదా" అనునది వానిలో మొదటిది. ఇది నిజమే. కాని పొరపాటున చల్లిన నీటికైనను బట్ట తడియక మానదు. ఉద్దేశము చల్లినవాని మాట. తడి మాత్రము పడినవానిది. తడిసినవానిని చూచి "నేను కావాలని చల్లలేదు, కాబట్టి నీవు తడవలేదు" అనువాడెవడును లేడు కదా.

రెండవ సమాధానము ఇంతకంటె బలమైనది. "వేషములు కట్టుట మన సంప్రదాయము. పగటివేషములు మన తాతల నాటివి. వానిని చూచి ఎవ్వరును బాధపడలేదే?" అని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. దీనిని కొంచెము లోతుగా విచారింపవలసి ఉన్నది.

పగటివేషగాండ్రు తెలుగునాట పేరెన్నికగన్న కళాకారులు. కూచిపూడి భాగవతుల వంటి మేటి నటులును ఈ వేషములు కట్టిరి. అర్ధనారీశ్వరుడు, సోమయాజులు-సోమిదేవమ్మ, బుడబుక్కలవాడు, ఫకీరు, ఎరుకల సాని, లంబాడీ, కోమటి, దొరటోపీ పెట్టి కర్ర తుపాకి పట్టిన పిట్టలదొర — ఇట్లు ఊరిలోని వారందరును వారి వేషములలో కనబడుదురు. ఉత్తర హిందూస్థానమున వీరి వంటివారినే బహురూపియాలందురు. ఆ కళలో మూడు నియమములున్నవి. వేషగాడు పట్టపగలు, తెర లేకుండ, ఎవరిని అనుకరించుచున్నాడో వారి వాకిటనే నిలుచును. అతడు పేదవానినే కాక సోమయాజిని, శ్రేష్ఠిని, తుపాకి పట్టిన దొరను గూడ వదలడు. చివరి దినమున వేషము విడిచి, తన నిజరూపముతో అవే గడపలకు వచ్చి సంభావన అడుగును. అనగా తన హాస్యమునకు తాను జవాబుదారి. తాను అనుకరించినవాని చేతినుండియే కానుక పుచ్చుకొనవలెను గనుక హద్దు మీరుటకు వీలు లేదు.

మన వేదిక మీది వేషమునకు ఈ మూడింటిలో ఏ ఒక్కటియైనను ఉన్నదా? ఎవరిని అనుకరించుచున్నామో వారు సభలో లేరనియే అనుకొందుము. ఉన్నను ఒక్కరో ఇద్దరో, నోరు విప్పలేనివారు. బలవంతుని వేషము వేయువాడు మనలో లేడు. ప్రదర్శన ముగిసిన పిమ్మట కోయపల్లెకు పోయి, "మీ వేషము వేసితిని, సంభావన ఇప్పింపుడు" అని చేయి చాపగలవాడును లేడు. కావున సంప్రదాయమును సాక్ష్యమునకు పిలుచుటకు ముందు, ఆ సంప్రదాయపు నియమమును మనము పాటించుచున్నామా అని చూచుకొనవలెను. అంతే గాక, పాతదంతయు పసిడి కాదు. ఎరుకల సానిని, లంబాడీని చూచి ఊరు నవ్విన నవ్వులో పై మెట్టుపై నిలిచినవారి అహంకారమును కొంత కలసి ఉండెననుట కాదనరాని సత్యము. ఆనాడు వారు బాధపడలేదని మనకు చెప్పినదెవరు? అడిగినవారు లేకపోయిరనుటయే నిజము.

బహురూపియాను గూర్చి ఉర్దూ ఇండ్లలో పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. ఒక బహురూపియా ఔరంగజేబు చక్రవర్తి కొలువునకు వచ్చి తన విద్యను ప్రదర్శించెదననెనట. "నన్ను మోసగింపగలిగినచో బహుమానమిచ్చెదను" అని చక్రవర్తి పలికెను. ఎన్ని వేషములు వేసినను చక్రవర్తి ఇట్టే గుర్తుపట్టుచుండెను. కొంతకాలమునకు చక్రవర్తి దక్షిణదేశముపై దండెత్తి వచ్చుచుండగా, త్రోవలో ఒక మహాఫకీరున్నాడని విని దర్శనమునకు వెళ్లి ధనరాసులను, గ్రామములను కానుకగా సమర్పింపబోయెను. ఫకీరు వానిని కన్నెత్తియైనను చూడలేదు. కొన్ని దినములకు బహురూపియా కొలువునకు వచ్చి, ఆ ఫకీరును నేనే, నా బహుమానము నాకిప్పింపుడనెను. చక్రవర్తి ఆశ్చర్యపడి, "అంతటి ధనము నీ పాదముల చెంత పెట్టినప్పుడు కాదని, ఈ కొద్దిపాటి కానుకకై వచ్చితివేల?" అని ప్రశ్నించెను. దానికతడు, "ప్రభూ, అప్పుడు నేను ఫకీరు వేషములో ఉంటిని. ఆ వేషమునకొక పరువున్నది. దానికి మచ్చ తెచ్చుటకు నాకధికారము లేదు" అని బదులు చెప్పెనట.

ఇది జరిగినదో కల్పితమో చరిత్రకారులు తేల్చెదరు గాక. వేషధారి ధర్మమును ఇంతకంటె చక్కగా చెప్పిన మాట నేనెరుగను. వేషము వేయువాడు ఇతరుల బట్టలను మాత్రమే కాదు, ఇతరుల పరువును గూడ అరువు తెచ్చుకొనుచున్నాడు. అరువు తెచ్చినదానిని చింపి తిరిగి ఇచ్చుట మర్యాద కాదు.

అట్లయినచో ఇతరుల పాత్ర ధరింపనేరాదా? ధరింపవచ్చును, ధరింపవలెను గూడ. ఒకరి జీవితములోనికి ఇంకొకరు ప్రవేశించుటయే నాటకకళ. మన కోనసీమ బిడ్డ, మామిడికుదురులో జన్మించిన డాక్టర్ బోయి భీమన్నగారు "పాలేరు" నాటకమును వ్రాసిరి. చదువుకొని పెద్ద ఉద్యోగమునకెక్కిన పాలేరు కుర్రవాని కథ అది. ఆ పాత్రను ఏ కులపు యువకుడు ధరించినను అవమానము లేదు. ఏలయనగా ఆ పాత్రకొక పేరున్నది, ఆకలి ఉన్నది, ఆశ ఉన్నది. చినిగిన బట్ట కట్టి, మసి పూసికొని, "పాలేరోడు" అని ప్రకటింపజేసికొని, నడకను మాటను వెక్కిరించినచో బట్ట అదే, రంగు అదే. కాని అది వేరొక వస్తువు. మొదటిదానిలో మనిషి కనబడును. రెండవదానిలో మనిషిని తీసివేసి ముద్ర మాత్రము మిగిల్చెదరు. గురజాడవారి "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున మొదట ప్రదర్శితమైనది. అందలి పరిహాసము కత్తి వంటిది. కాని ఆ కత్తి గురజాడవారు పుట్టిపెరిగిన సమాజము మీదనే ఎత్తబడినది. తన ఇంటి గోడను తాను పగులగొట్టుకొనుటకును, పొరుగువాని గుడిసెపై రాయి విసరుటకును తేడా ఉన్నది కదా.

మంచి ఉద్దేశముతో పుట్టిన హాస్యము గూడ వేదిక మీద ఎట్లు దారి తప్పునో "చింతామణి" నాటకము తెలుపును. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకై దానిని వ్రాసిరి. గోదావరి తీరమున దానిని చూడని పల్లె అరుదు. కాలక్రమమున అందలి సుబ్బిశెట్టి పాత్ర, చప్పట్ల కొరకు నటులు చేర్చిన మాటలతో పెరిగి పెరిగి, ఒక వ్యక్తి కథ కాక ఒక కులము మీది వెక్కిరింతగా మారినదని ఆర్యవైశ్య సంఘములు మొరపెట్టుకొనినవి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించెను. దానితో వెక్కిరింతతో పాటు కందుకూరి నాటి సంస్కరణ స్ఫూర్తితో వ్రాసిన నాటకమును, దానిపై ఆధారపడి జీవించు పేద కళాకారుల కూడును గూడ ఆగినవి. నిషేధమును నేను కోరను. నిషేధము వచ్చువరకు పరిస్థితిని తెచ్చుకొనకుండుటయే వివేకము. సుబ్బిశెట్టిని చూచి నవ్వుచున్నప్పుడు ముందు వరుసలో కూర్చున్న శెట్టిగారి ముఖము వైపు ఎవరైనను ఒక్కమారు చూచియున్నచో, ప్రభుత్వపు ఉత్తర్వు అవసరము లేకపోయెడిదేమో.

ఇది మనదేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో 1830 ప్రాంతమున ఒక తెల్లజాతి నటుడు ముఖమునకు నల్లరంగు పూసికొని "జిమ్ క్రో" అను నీగ్రో బానిస వేషము కట్టి ఆడిపాడి పేరు గడించెను. అటువంటి వేషములతో ఊరూర ప్రదర్శనలు వెలసినవి. తరువాతి కాలమున నల్లవారిని బడులలో, రైళ్లలో, భోజనశాలలలో వేరుగా ఉంచిన శాసనములకు లోకము పెట్టిన పేరేమి? "జిమ్ క్రో" చట్టములు! నవ్వులాటగా పుట్టిన వేషపు పేరు నిర్బంధపు పేరైనది. నవ్వు ఊరక పోదు. మనిషిని మనిషిగా చూడని కంటికి అది అలవాటు నేర్పును. ఆ అలవాటు ఇంకను సమసిపోలేదు. 2010 ఫిబ్రవరిలో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు కొందరు, నల్లజాతి చరిత్ర మాసములోనే, నల్లవారిని వెక్కిరించు వేషములతో ఒక విందు తలపెట్టగా ఆ ప్రాంగణమంతయు నిరసనలతో అట్టుడికిపోయినది.

ఆ వేషముల వంతు మనకును వచ్చినది. 2001లో కెనడాలోని వాంకూవరు నగరమున ఒక పాఠశాల "అరేబియన్ నైట్స్" పేరిట విందు జరుపగా, అందలి ఉపాధ్యాయుడొకడు తలపాగా చుట్టి, ముఖమునకును చేతులకును గోధుమరంగు పూసికొని వచ్చెను. ఆ ఉపాధ్యాయుడే కాలక్రమమున కెనడా ప్రధాని అయిన జస్టిన్ ట్రూడో. 2019లో ఆ ఛాయాచిత్రము బయటపడగా ప్రపంచము ముందు క్షమాపణ చెప్పుకొనెను. మన ఒంటిరంగు ఒకరికి ఒక సాయంకాలపు వేషము! దానిని చదివినప్పుడు మనకు కలిగిన చివుక్కుమను బాధయే, మన వేదిక మీద మనవాడు ఒంటికి నల్లరంగు పూసికొన్నప్పుడు కలుగకపోవుట ఎంత వింత!

ఇంటికి మరింత చేరువలో, 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోని జైన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఒక యువజనోత్సవమున ప్రదర్శించిన హాస్యనాటిక దళితులను, డాక్టర్ అంబేద్కర్‌ను కించపరచినదని గొడవ చెలరేగెను. విద్యార్థులు సస్పెండయిరి, అరెస్టులు జరిగినవి. షెడ్యూల్డు కులముల, తెగల వారిని పదుగురి ఎదుట ఉద్దేశపూర్వకముగా అవమానించుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ప్రకారము నేరము. కాని నేను చట్టమునకు భయపడి మానుకొనుడని చెప్పుట లేదు. భయముతో మానినవాడు చీకటిలో మరల చేయును. అర్థము చేసికొని మానినవాడు ఒంటరిగా ఉన్నను చేయడు.

మన కోనసీమవారికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చుటను గూర్చిన వివాదములో 2022 మే 24న అమలాపురమున మంత్రిగారి ఇల్లును, శాసనసభ్యుని ఇల్లును తగులబడినవి. దినముల తరబడి ఇంటర్నెట్ నిలిచిపోయినది. కేసులలో చిక్కుకొన్నవారిలో యువకులు ఎందరో. కొబ్బరితోటల నీడలో ప్రక్క ప్రక్కనే బ్రతుకు మనుషుల మధ్య ఎంత ఎండుగడ్డి పేరుకొని ఉన్నదో ఆనాడు చూచితిమి. ఆ గడ్డి ఒక్క దినమున పేరుకొనినది కాదు. సంతలో ఒక మాట, బడిలో ఒక వెక్కిరింత, వేదిక మీద ఒక వేషము — ఇట్లు పరక పరకగా చేరినది. కళాశాల యనునది కనీసము ఆ గడ్డిని పేర్చని తావు కావలెను.

కావున కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వేషధారణ పోటీని ఆపవలదు. దాని నియమములను మార్చుడు. వేషమునకు కులము పేరు గాని, తెగ పేరు గాని, జాతి పేరు గాని పెట్టరాదని నిర్ణయింపుడు. కథలోని, చరిత్రలోని, నాటకములోని ఒక వ్యక్తిని పేరుతో ప్రదర్శింపుడనుడు. ఒంటిరంగును మార్చు పూతలను మానిపింపుడు. కేకలకు, వంకర మాటలకు కాక, పాత్ర జీవితమును ఎంత తెలిసికొన్నారో దానికి మార్కులు వేయుడు. పరిహాసమే కావలెనన్నచో ఏటి కేడాది పుస్తకము తెరువని మన విద్యార్థుల వేషము వేయుడు. సెల్‌ఫోనునకు సాష్టాంగపడు మన భక్తుల వేషము వేయుడు. ఈ వ్యాసము వ్రాసిన పండితమ్మన్యుని వేషము వేసినను ముందుగా చప్పట్లు కొట్టువాడను నేనే. పగటివేషగాండ్రను, కొమ్ము కోయ నృత్య బృందమును పిలిపించి తగిన పారితోషికమిచ్చి సత్కరింపుడు. నకలును చూచి నవ్వుట కంటె అసలును చూచి నేర్చుకొనుట కళాశాలకు తగిన పని.

విద్యార్థి మిత్రులకు మనవి చేయునది ఒక్కటే. వేషము కట్టుటకు ముందు మనసులో ఒక ప్రశ్న వేసికొనుడు: "ఈ వేషముతో ఆ ఇంటి వాకిట పట్టపగలు నిలువగలనా? మరునాడు అదే గడపకు వెళ్లి, నేనే వేసితినని చెప్పి, వారి చేతినుండి సంభావన పుచ్చుకొనగలనా?" గలనని మనసు చెప్పినచో నిర్భయముగా వేయుడు. తడబడినచో రంగుడబ్బా మూత తెరువకుడు.

గత వారము ధైర్యము చేసికొని ఆ మన్యపు మిత్రుని అడిగితిని: "ఈసారి మీ ఊరివాళ్లని పిలిస్తే వస్తారంటావా?" అతడు చాలసేపు ఆలోచించెను. "వస్తారు. దారిఖర్చులివ్వండి, అన్నం పెట్టండి. కొమ్ములు కట్టుకున్నాక మాత్రం ఎవరూ నవ్వకూడదు. ఆ పూచీ నువ్వు తీసుకుంటావా?" అనెను.

తీసికొందునని చెప్పితిని. ఆ పూచీ నా ఒక్కని వలన తీరునది కాదు గనుకనే ఈ నాలుగు మాటలును వ్రాసితిని.

— తృతీయ సంవత్సర బి.ఏ. విద్యార్థి